సిగ్నల్ దగ్గర ఆగితే కారు ఉడికిపోతోందా?



ఎండాకాలం వస్తోందంటే మనం ముందుగా ఏం చూసుకుంటాం? మంచినీళ్ళ కుండ కడిగి పెట్టుకుంటాం, కూలరుకి గడ్డి మార్పిస్తాం, వడియాలు పెట్టుకోవడానికి డాబా కడుక్కుంటాం. ఇంటి ముందు నిలబెట్టిన కారు సంగతి మాత్రం "అది మగవాళ్ళ వ్యవహారం, ఆయన చూసుకుంటారులే" అని వదిలేస్తాం. కానీ ఈ రోజుల్లో ఆ కారు నడుపుతున్నది చాలా ఇళ్ళలో మనమే కదా! పిల్లల్ని బడి నుంచి తీసుకురావాలన్నా, అత్తగారిని డాక్టరుకి చూపించాలన్నా తాళాలు మన చేతిలోనే ఉంటున్నాయి. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, సిగ్నల్ దగ్గర ముందూ వెనకా బళ్ళు ఆగి ఉండగా మీటరులో ముల్లు పైకి పాకడం మొదలెట్టిందనుకోండి, అప్పుడు ఏంచెయ్యాలో అక్కడ ఉన్న మనకే తెలియాలి. ఎవరికో ఫోను చేసి, వాళ్ళు ఎత్తి, మనం చెప్పి, వాళ్ళు ఆలోచించేలోపల ఇంజను పాడయిపోవచ్చు.

"రోడ్డు మీద పోతున్నంతసేపూ బాగానే ఉంటుందండీ, ఆగితేనే వేడెక్కిపోతుంది." కార్ల షెడ్డు దగ్గర తరచుగా వినిపించే మాట ఇది. చూడటానికి చిన్నమాటే గాని, జబ్బు సగం ఇందులోనే తెలిసిపోతుంది. ఎలాగో చెబుతాను.

పెట్రోలు మండితే వచ్చే వేడిలో చక్రాలు తిప్పడానికి పనికొచ్చేది కొంతే. ఇంచుమించు మూడోవంతు వేడిని ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళు లాగేసుకుంటాయి. చాలా భాగం పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. నీళ్ళు అన్నాను గాని, నిజానికి అది నీళ్ళూ, గ్లైకాల్ అనే ద్రవమూ కలిపిన రంగునీళ్ళు. దాన్నే కూలెంటు అంటారు. ఒక చిన్న పంపు ఈ కూలెంటును ఇంజనులోకి తోస్తుంది. అక్కడ వేడిని మూటగట్టుకుని అది ముందు భాగంలో ఉన్న రేడియేటరులోకి వస్తుంది. రేడియేటరు అంటే సన్నసన్నని గొట్టాలూ, వాటి మధ్య జాలీలాంటి పల్చటి రేకులూ. ఆ రేకుల మధ్యనుంచి గాలి దూరిపోతూ వేడిని తీసుకుపోతుంది. చల్లబడ్డ కూలెంటు మళ్ళీ ఇంజనులోకి పోతుంది. మధ్యలో థర్మోస్టాటు అని ఒక చిన్న తలుపు ఉంటుంది. ఇంజను సుమారు 80, 90 డిగ్రీల వేడికి వచ్చేదాకా అది మూసుకుని ఉండి, తరువాత తెరుచుకుంటుంది.

మరి ఈ గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? కారు పరుగెడుతుంటే ఎదురుగాలి దానంతటదే దూసుకొస్తుంది. కారు ఆగితే ఆ గాలి లేదు. వేడి వేడి కాఫీని మనం ఊదుకుంటూ తాగినట్టు, అప్పుడు రేడియేటరుకి ఊదేవాళ్ళు కావాలి. ఆ పని చేసేదే రేడియేటరు ఫ్యాను. అందుకనే నడుస్తున్నప్పుడు చల్లగా ఉండి, ఆగినప్పుడే వేడెక్కే కారులో మొట్టమొదటి అనుమానం ఫ్యాను మీద పెట్టుకోవాలి. అలా కాకుండా హైవే మీద వేగంగా పోతున్నప్పుడో, తిరుమల ఘాటు ఎక్కుతున్నప్పుడో కూడా వేడెక్కుతోందంటే లోపం వేరే చోట ఉంది. కూలెంటు తక్కువయి ఉండాలి, రేడియేటరు లోపల పూడిపోయి ఉండాలి, లేదా థర్మోస్టాటు బిగుసుకుపోయి ఉండాలి.

పాత అంబాసిడర్లూ, ఫియట్లూ ఎక్కినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వాటి ఫ్యాను ఇంజనుకే బెల్టు ద్వారా తగిలించి ఉండేది. ఇంజను నెమ్మదిగా తిరిగితే ఫ్యాను కూడా నెమ్మదిగానే తిరిగేది. అందుకే రైలు గేటు దగ్గర పది నిమిషాలు ఆగితే చాలు, బోనెట్టు ఎత్తిపెట్టేవాళ్ళు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కరెంటుతో నడిచే ఫ్యాను మన ఇళ్ళలోకి వచ్చింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి కార్లలో చాలావాటికి కరెంటు ఫ్యానే. ఇంజను ఎంత నెమ్మదిగా తిరిగినా అది తన వేగంతో తాను తిరుగుతుంది. సుఖమే గాని, కరెంటుతో నడిచేది గనక ఫ్యూజూ, రిలే, వైర్లూ, వేడి కొలిచే సెన్సరూ, మోటారూ అన్నీ సవ్యంగా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా ఫ్యాను తిరగదు. హైవే మీద పోతున్నంతసేపూ అది తిరగడం లేదన్న సంగతి మనకి తెలియనే తెలియదు!

ఇప్పుడు రోడ్డు మీద ఏంచెయ్యాలో చూద్దాం. కొన్ని కొత్త కార్లలో ముల్లు ఉండదు. ఇంజను చల్లగా ఉంటే నీలం దీపం, మరీ వేడెక్కితే ఎర్రదీపం వెలుగుతాయి. ముల్లు ఎప్పుడూ ఉండే చోటు దాటి పైకి పోతుంటే వెంటనే ఏసీ కట్టేయండి. ఏసీ వేడి కూడా రేడియేటరు ముందే వచ్చి చేరుతుంది. తరువాత కిటికీలు దించి హీటరు పూర్తిగా తిప్పండి. "ఈ ఎండలో హీటరా!" అని ఆశ్చర్యపోకండి. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజను వేడి కొంత దాని గుండా బయటికి వస్తుంది. మనకి చెమటలు పోస్తాయి గాని ఇంజను ప్రాణం కుదుటపడుతుంది. వీలు చిక్కగానే కారుని పక్కకి తీయండి. ముల్లు ఎర్రగీతకి చేరినా, ఎర్రదీపం వెలిగినా, బోనెట్టు కిందనుంచి ఆవిరి వచ్చినా ఇక ఆలోచన వద్దు. ఇంజను ఆపేయండి. "ఇల్లు రెండు కిలోమీటర్లే కదా" అని లాగించకండి. ఇంజను పై భాగం చాలా కార్లలో అల్యూమినియంతో చేసినది. మరీ కాలితే అది వంకరపోతుంది, దాని కింద ఉండే హెడ్ గాస్కెట్ కాలిపోతుంది. వందల్లో తేలే ఖర్చు వేలల్లోకి పోయేది ఈ రెండు కిలోమీటర్లలోనే.

కారు ఆపాక పిల్లల్నీ, పెద్దవాళ్ళనీ దించి నీడన కూర్చోబెట్టండి. తరువాత నేను చెప్పబోయేది మాత్రం దయచేసి మరిచిపోకండి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయకూడదు. మన ప్రెషరు కుక్కరుతో పోల్చి చెబుతాను. కుక్కరులో ఒత్తిడి సుమారు ఒక కిలో ఉంటుంది, అందుకని లోపలి నీళ్ళు 100 డిగ్రీలకి కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రేడియేటరు మూత కూడా ఇంచుమించు అంతే ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఆవిరి పోకుండా కుక్కరు మూత లాగితే పప్పు వంటింటి కప్పుకి ఎలా ఎగజిమ్ముతుందో మనకి తెలుసు. ఇక్కడ ఎగజిమ్మేది సలసల కాగుతున్న కూలెంటు. నేరుగా మొహం మీదికి, చేతుల మీదికి వస్తుంది. తడిగుడ్డ వేసి తిప్పుతాను అనే ధైర్యం కూడా వద్దు. కనీసం అరగంట, ముప్పావుగంట ఆగండి. ఎవరో మంచిమనసుతో బాటిలు తెచ్చి కాలుతున్న ఇంజను మీద చన్నీళ్ళు పోస్తానంటే వారించండి. పొయ్యిమీది గాజుగిన్నెలో చన్నీళ్ళు పోస్తే ఏమవుతుంది? లోహానికీ అలాంటి ప్రమాదమే ఉంది.

సరే, ఎలాగో ఇల్లు చేరాం. మర్నాడు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, లోపం ఎక్కడుందో మనమే చూడవచ్చు. చెయ్యి నలుపు చేసుకునే పని పెద్దగా లేదు. కొంగు నడుముకి దోపుకోండి, జడ ముడివేసుకోండి, చున్నీ అయితే తీసి పక్కన పెట్టండి. గాజులూ ఉంగరాలూ తీసేయండి. బంగారు గాజు బ్యాటరీ కొసలకి తగిలితే నిప్పురవ్వలు వస్తాయి. ఇంకొక జాగ్రత్త. కరెంటు ఫ్యాను చెప్పాపెట్టకుండా తిరగడం మొదలెడుతుంది. కొన్ని కార్లలో ఇంజను ఆపాక కూడా తిరుగుతుంది. వేళ్ళు దాని దగ్గరికి పోనివ్వకండి.

మొదట కూలెంటు చూడండి. బోనెట్టు కింద తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. దానిమీద మిన్, మాక్స్ అని రెండు గీతలుంటాయి. కూలెంటు ఆ రెండింటి మధ్య ఉండాలి. తగ్గి ఉంటే ఎక్కడికి పోయిందో ఆలోచించాలి. కారు కింద నేలమీద చూడండి. ఏసీ వేసి తిరిగాక పడే శుభ్రమైన నీటిబొట్లు మామూలే, వాటికి భయపడనక్కర్లేదు. రంగుగా, వేలికి జిగటగా తగిలే చుక్కలు కనిపిస్తే అది కూలెంటు. ఇది చాలావరకు విషపూరితం, రుచికి మాత్రం తియ్యగా ఉంటుంది. అందుకని పిల్లలకీ, కుక్కపిల్లలకీ అందకుండా వెంటనే కడిగేయండి, మిగిలిన డబ్బాని పైన ఎక్కడైనా దాచండి.

రెండోది ఫ్యాను పరీక్ష. కారుని ఆరుబయట నిలబెట్టండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపడం ప్రాణాపాయం, ఆ పొగ మనిషికి తెలియకుండానే చంపుతుంది. గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఏసీ కట్టేసి, ఇంజనుని ఊరికే నడవనివ్వండి. పదిహేను, ఇరవై నిమిషాలు పట్టవచ్చు. ముల్లు మధ్యకి వచ్చి ఇంకొంచెం ఎక్కేసరికి, అంటే సుమారు 95, 100 డిగ్రీల దగ్గర, ఫ్యాను గుయ్యిమని మొదలవ్వాలి. కాసేపు తిరిగి, ముల్లు కిందికి దిగాక ఆగిపోవాలి. ఇలా జరిగితే ఫ్యాను మంచిదే. ముల్లు ఎక్కిపోతున్నా ఫ్యాను కదలకపోతే ఇంజను ఆపేయండి, దొంగ దొరికినట్టే!

అప్పుడు మూడో పరీక్ష. ఇంజను చల్లారాక మళ్ళీ స్టార్టు చేసి ఏసీ వెయ్యండి. చాలా కార్లలో ఏసీ వేసిన కాసేపటికి ఫ్యాను తప్పనిసరిగా తిరగాలి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే మోటారు బాగానే ఉందన్నమాట. లోపం వేడిని కనిపెట్టి చెప్పే సెన్సరులోనో దాని వైరులోనో ఉంది. దేనికీ తిరగకపోతే ఫ్యూజో, రిలేనో, మోటారో. కొన్ని కార్లలో రెండు ఫ్యాన్లు ఉంటాయి. అలాంటప్పుడు రెండూ తిరుగుతున్నాయా అని చూడాలి. ఒకటి తిరిగితే సరిపోయిందనుకోకూడదు.

ఫ్యూజు మనమే చూడవచ్చు. ఫ్యూజుపెట్టె మూత వెనకాల ఏది దేనికో బొమ్మ వేసి ఉంటుంది. ముందు కారు తాళంచెవి తీసేసి ఆ ఫ్యూజు పీకి చూడండి. లోపలి తీగ తెగి ఉంటే అంతే నంబరుది కొత్తది పెట్టండి. అంతకంటే పెద్దది పెట్టకూడదు, తీగముక్క చుట్టకూడదు. ఇంట్లో కరెంటు ఫ్యూజుకి లావుతీగ వేస్తే ఇల్లు అంటుకున్నట్టే, ఇక్కడ కారు అంటుకుంటుంది. కొత్తది కూడా టప్పున పోయిందంటే మోటారు బిగుసుకుపోయిందనో, వైర్లు ఎక్కడో తగులుకుంటున్నాయనో అర్థం. అక్కణ్ణుంచి మెకానిక్కు పని.

ఫ్యాను తిరుగుతోంది గాని వేడి తగ్గడం లేదనుకోండి. అప్పుడు గాలి నిజంగా రేడియేటరులోకి పోతోందా అని చూడాలి. చల్లటి ఇంజను మీద ఏసీ వేసి ఫ్యాను తిరిగేలా చేసి, కారు ముందు జాలీకి ఒక కాగితం ఆనించండి. కాగితం లోపలికి అతుక్కుపోవాలి. జారిపోతే ఫ్యాను బలహీనంగా తిరుగుతోందన్నమాట. బయటికే ఎగిరిందంటే, ఎప్పుడో రిపేరు చేసినవాళ్ళు వైర్లు తారుమారు చేసి బిగించి ఉంటారు. ఫ్యాను వెనక్కి తిరుగుతోందన్నమాట. ఇక రేడియేటరు ముందు ఏసీ కండెన్సరు ఉంటుంది. ఈ రెంటి రేకుల మధ్య దుమ్మూ, ఎండుటాకులూ, పురుగులూ పేరుకుపోతాయి. కిటికీ దోమతెర దుమ్ముపట్టి గాలి రానట్టే ఇదీను. చల్లగా ఉన్నప్పుడు మామూలు గొట్టంతో నెమ్మదిగా నీళ్ళు పట్టి కడిగించండి. కార్లు కడిగే చోట వాడే పెద్ద ప్రెషరు నీళ్ళు దగ్గరనుంచి కొడితే ఆ రేకులు వంగి దారి మరింత మూసుకుపోతుంది.

గాలి మార్గం బాగానే ఉంటే, అప్పుడు నీటి మార్గం. కూలెంటు బదులు ఏళ్ళతరబడి బోరునీళ్ళు పోస్తూ వచ్చిన కారులో లోపల సున్నం పేరుకుంటుంది. గీజరులోనూ, నీళ్ళు కాచే గిన్నెలోనూ తెల్లగా పొర కట్టడం మనం చూస్తూనే ఉన్నాం కదా. పంపు అరిగిపోయినా, దాని బెల్టు వదులైనా, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కూలెంటు సరిగా పారదు. రేడియేటరు మూత రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవక కూలెంటు తొందరగా మరుగుతుంది. కుక్కరు గాస్కెట్ పాతబడితే ఆవిరి పక్కలనుంచి పోయినట్టే. ఆ మూత మార్చడం చవకయిన పని.

భయపడవలసిన గుర్తులు కూడా చెబుతాను. ఎక్కడా చుక్క కారకుండానే కూలెంటు తగ్గిపోవడం, ఇంజను బాగా వేడెక్కాక కూడా పొగగొట్టంనుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ రావడం, కూలెంటు డబ్బాలో ఆగకుండా బుడగలు రావడం, ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే పాలు కలిపిన కాఫీలా ఉండటం. ఇవి హెడ్ గాస్కెట్ పోయిందనే గుర్తులు. అప్పుడు కారు నడపకుండా షెడ్డుకి లాగించుకు పోవడమే మంచిది. వానాకాలంలో చిన్నచిన్న దూరాలే తిరిగే కారులో ఆయిలు మూత కింద కొంచెం మీగడలా చేరడం మామూలే. అదొక్కటే చూసి కంగారుపడకండి, పుల్లకి అంటిన ఆయిలు కూడా చూడండి.

ఇదంతా మనకెందుకు అంటారేమో. మా వీధిలో ఒకావిడ ఉన్నారు. భర్త పోయాక ఆయన కారులోనే ఆఫీసుకి వెళ్ళివస్తున్నారు. సిగ్నల్లో ఆగితే చాలు ముల్లు ఎక్కుతోందని షెడ్డుకి తీసుకెళితే, "ఇంజను విప్పాలమ్మా, నలభై వేలవుతుంది, కారు వదిలేసి వెళ్ళండి" అన్నారట. ఆవిడ గొలుసు తాకట్టు పెట్టే ఆలోచనలో పడ్డారు. నేనూ వెళ్ళి చూశాను. పొద్దున్నే ఇంటిముందు ఏసీ వేశాం, ఫ్యాను తిరగలేదు. ఫ్యూజు బాగానే ఉంది. కూలెంటు నిండుగా ఉంది, ఆయిలు శుభ్రంగా ఉంది. ఆవిడ వేరే మెకానిక్కు దగ్గరికి వెళ్ళి "ఆగితేనే వేడెక్కుతోంది బాబూ, నడిస్తే తగ్గుతోంది. ఏసీ వేసినా ఫ్యాను తిరగడం లేదు, ఫ్యూజు చూశాం, రిలే చూస్తారా?" అన్నారు. అతను హారను రిలే, ఫ్యాను రిలే ఒకేరకమని చూసి, ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టాడు. ఫ్యాను తిరిగింది. కొత్త రిలే ఖరీదూ, అతని కూలీ కలిపి వందల్లోనే తేలిపోయింది. మొదటివాళ్ళు మోసం చేశారో, తొందరపడ్డారో మనం చెప్పలేం. ఆవిడ గొలుసు మాత్రం మెడలోనే ఉండిపోయింది.

షెడ్డులో ఇంకో రెండు సలహాలు వింటారు. "థర్మోస్టాటు పీకేస్తే చల్లగా ఉంటుందమ్మా" అంటారు. వద్దనండి. ఇంజను తగిన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరిగిపోతుంది. పాడయితే కొత్తది వేయించాలి గాని తీసి పారేయకూడదు. రెండోది, "ఫ్యాను డైరెక్టు చేసేస్తాం, తాళం తిప్పగానే తిరుగుతుంది" అంటారు. ఇల్లు చేరడానికి ఆ పూటకి ఫరవాలేదు. దాన్నే శాశ్వతం చేసుకుంటే మోటారు తొందరగా పోతుంది, అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

ఆడవాళ్ళకి ఇంజను సంగతులేమిటని ఎవరైనా నవ్వితే బెర్తా బెంజ్ గారి పేరు చెప్పండి. 1888 ఆగస్టులో జర్మనీలో, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడుచక్రాల కారుని, ఆయనకి చెప్పకుండానే, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి తీసుకువెళ్ళారు. సుమారు 100 కిలోమీటర్లు. ఆ ఇంజను చల్లబడాలంటే నీళ్ళు ఆవిరైపోతూనే ఉండాలి. అందుకని దారిపొడుగునా ఆగి నీళ్ళు పోసుకుంటూ వెళ్ళారు. పెట్రోలు గొట్టం పూడిపోతే టోపీపిన్నుతో శుభ్రం చేసుకున్నారట. కారులో మొదటి దూరప్రయాణం చేసిన మనిషి ఒక ఇల్లాలు!

ఇక మీ కారు డిక్కీలో ఉండవలసినవి: రెండు లీటర్ల మంచినీళ్ళు, ఒక టార్చిలైటు, మీ కారుకి సరిపడే నాలుగు ఫ్యూజులు, ఒక మందపాటి గుడ్డ, కారుతోపాటు ఇచ్చిన పుస్తకం. ఇంజను పూర్తిగా చల్లారాక, దారిలో కూలెంటు లేకపోతే ఆ మంచినీళ్ళే పోసి ఇల్లు చేరవచ్చు. తరువాత పుస్తకంలో రాసిన రకం కూలెంటే నింపించండి. రంగు ఒకటైనంతమాత్రాన రకం ఒకటి కాదు.

ఎండలు ముదరకముందే ఒక ఆదివారం పొద్దున్న పావుగంట కేటాయించి ఈ ఫ్యాను పరీక్ష చేసి చూడండి. ఇంట్లో ఆడపిల్లలుంటే వాళ్ళని కూడా పక్కన నిలబెట్టుకోండి. పప్పు ఎన్ని కూతలకి ఉడుకుతుందో నేర్పినట్టే, ఫ్యాను ఎప్పుడు తిరగాలో కూడా నేర్పండి.